లొరెట్టా లిన్: పాటలు ఆమెవి, హక్కులు వేరొకరివి

అమెరికా పల్లెల్లో పుట్టిన కంట్రీ సంగీతంలో లొరెట్టా లిన్ పేరు ఎత్తగానే 'బొగ్గుగని కార్మికుడి కూతురు' అన్న మాట వెన్నంటే వస్తుంది. ఆమె రాసి పాడిన పాట పేరు అది. ఆత్మకథ పేరూ అదే, ఆ కథతో తీసిన సినిమా పేరూ అదే. ఆ బిరుదు చాటున ఒక లెక్క మరుగున పడిపోయింది. బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పట్టికలో ఆమె ఒంటరిగా పాడిన పాటలు 11 మొదటి స్థానానికి చేరాయి. వాటిలో ఆమె రాసినవి నాలుగు. 1967లో 'డోంట్ కమ్ హోమ్ ఎ-డ్రింకిన్', 1968లో 'ఫిస్ట్ సిటీ', 1970లో 'కోల్ మైనర్స్ డాటర్', 1973 మొదట్లో 'రేటెడ్ ఎక్స్'. ఆ తర్వాత మరో ఐదు పాటలు ఆమె గొంతులో మొదటి స్థానానికి వెళ్లాయి. ఆ ఐదింటిలో ఒక్కటి కూడా ఆమె రాసింది కాదు.

అప్పటికి ఆమె వయసు నలభై. అవార్డులు, టీవీ కార్యక్రమాలు, పత్రికల ముఖచిత్రాలు అన్నీ సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చిపడుతున్నాయి. రాయడానికి విషయం లేకనా అంటే, అంత విషయం ఉన్న మనిషి కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి నాష్‌విల్‌లో మరొకరు లేరు. చేవ తగ్గిందా అంటే, 72 ఏళ్ల వయసులో ఒక ఆల్బమ్ నిండా పాటలు రాసి ఆ అనుమానం తీర్చింది. మరి నడుమ ముప్ఫై ఏళ్లు ఆ కలం ఎందుకు ఆగింది? ఆమె జీవితం గురించి పేదరికం నుంచి పేరు దాకా చెప్పే కథలు చాలా ఉన్నాయి. ఈ ప్రశ్నకు మాత్రం ఆ కథల్లో దక్కాల్సినంత చోటు దక్కలేదు.

1932 ఏప్రిల్ 14న తూర్పు కెంటకీలోని జాన్సన్ కౌంటీలో, బుచర్ హాలో అనే ఇరుకు కొండలోయలో లొరెట్టా వెబ్ పుట్టింది. ఎనిమిదిమంది పిల్లల్లో రెండోది. తండ్రి మెల్విన్ వెబ్‌ను అందరూ టెడ్ అని పిలిచేవారు. రాత్రి వాన్ లియర్ గనిలో పని, పగలు ఇంటి చేలో మొక్కజొన్న సాగు. శనివారం రాత్రి బ్యాటరీ రేడియోలో నాష్‌విల్ నుంచి వచ్చే 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' పాటల కార్యక్రమం ఆ ఇంటికి పండగ. ఆ ఇంట్లో అందరూ పాడేవాళ్లే. అందరికంటే చిన్న చెల్లెలు తర్వాత క్రిస్టల్ గేల్ పేరుతో పెద్ద గాయని అయింది.

1948 జనవరిలో, పదిహేనేళ్ల వయసులో, సైన్యం నుంచి తిరిగొచ్చిన ఆలివర్ లిన్‌తో లొరెట్టాకు పెళ్లయింది. అతనికి అప్పుడు 21. డూలిటిల్ అని, మూనీ అని అతనికి ముద్దుపేర్లు. రెండో పేరు దొంగసారా వ్యాపారం వల్ల వచ్చింది. పెళ్లయ్యాక ఇద్దరూ దేశం అవతలి అంచున ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దు దగ్గర కస్టర్ అనే ఊరికి బతుకుతెరువు కోసం వెళ్లారు. ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఆమెకు నలుగురు పిల్లలు. పొలాల్లో స్ట్రాబెర్రీలు కోసింది, పరాయి ఇళ్లలో వంట చేసింది, బట్టలుతికింది. పాట రాయాలన్న ఆలోచన అప్పటికింకా లేదు.

1953లో భర్త 17 డాలర్లు పెట్టి ఒక హార్మొనీ గిటార్ కొని తెచ్చి చేతికిచ్చాడు. పిల్లల్ని నిద్రపుచ్చుతూ ఆమె పాడే పాటలు విని, ఈ గొంతు నలుగురూ వినాల్సిందని అతనికి అనిపించింది. నేర్పేవాళ్లు లేకపోయినా తనంతట తానే వాయించడం పట్టేసింది. పాడమని వేదికల మీదకు తోసింది కూడా అతనే. సిగ్గుతో వెనక్కి లాగే మనిషిని ముందుకు నెట్టినందుకు డూలిటిల్‌కు దక్కాల్సిన మెప్పు దక్కాల్సిందే. ఆమె రాసిన కోపం పాటలన్నీ ఎక్కువగా అతని మీదే రాసినవి అన్న సంగతి కూడా ఆ పక్కనే గుర్తుంచుకోవాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కదాన్ని వదిలేసినా లొరెట్టా లిన్ అర్థం కాదు.

ఒక టీవీ కార్యక్రమంలో ఆమె పాట విన్న కెనడా వ్యాపారి నార్మ్ బర్లీ, జీరో రికార్డ్స్ పేరుతో చిన్న సంస్థ పెట్టి, 1960లో హాలీవుడ్‌లో రికార్డింగ్‌కు డబ్బిచ్చాడు. బార్‌లో ఒంటరిగా కూర్చుని ఏడుస్తున్న ఒకామెను చూసి తానే రాసుకున్న 'హాంకీ టాంక్ గర్ల్' ఆమె తొలి రికార్డు. ప్రచారానికి డబ్బు లేదు. భార్యాభర్తలిద్దరూ రికార్డులు కారులో వేసుకుని, దారిలో కనిపించిన ప్రతి రేడియో స్టేషన్ దగ్గరా ఆగి, పాట వేయమని అడుగుతూ దేశం సగం తిరిగారు. కారులోనే పడక, బ్రెడ్డు ముక్కలే భోజనం. అలా ఎవరి అండా లేని పాట బిల్‌బోర్డ్ పట్టికలో 14వ స్థానం దాకా వెళ్లింది. ఆ అక్టోబర్‌లో ఓప్రీ వేదిక మీద పాడింది. చిన్నప్పుడు రేడియో పక్కన కూర్చోబెట్టిన తండ్రి మాత్రం ఇవేవీ చూడలేదు. అంతకు ముందు ఏడాదే, 1959లో, చనిపోయాడు. గనుల్లో పీల్చిన బొగ్గు ధూళి అప్పటికే అతని ఊపిరితిత్తుల్ని తినేసింది.

ఆమె నాష్‌విల్ చేరేనాటికి అక్కడ స్త్రీల పాట ఎలా ఉండేదో చూస్తేనే ఆమె చేసిన పని బరువు తెలుస్తుంది. 1952లో కిట్టీ వెల్స్ పాడిన ఒక పాట, ఒంటరిగా పాడిన గాయనికి బిల్‌బోర్డ్ కంట్రీ పట్టికలో తొలిసారి మొదటి స్థానం తెచ్చింది. ఆడవాళ్లు దారి తప్పడానికి మోసం చేసే మగవాళ్లే కారణమని నిలదీసే పాట అది. ఆ మాత్రానికే ఎన్‌బీసీ రేడియో దాన్ని ఆపేసింది, ఓప్రీ వాళ్లూ మొదట పాడనివ్వలేదు. ఇంత దుమారం రేపిన ఆ పాటను రాసింది జె.డి. మిల్లర్ అనే మగాయన. తర్వాతి పదేళ్లలో గాయని ప్యాట్సీ క్లైన్‌కు పేరు తెచ్చిన పాటలు కూడా చాలావరకు మగవాళ్లు రాసినవే. గొంతు ఆడవాళ్లది, మాట మగవాళ్లది. ఆ పద్ధతి మీద ఎవరికీ ఫిర్యాదు ఉన్నట్టు కూడా లేదు. విరహం, ఎదురుచూపు, క్షమాపణ ఇవి స్త్రీల పాటలకు కేటాయించిన విషయాలు. తాగొచ్చిన మొగుణ్ని ఏం చేయాలన్నది అందులో లేదు.

నాష్‌విల్‌లో లొరెట్టాను చేరదీసింది విల్బర్న్ బ్రదర్స్. టెడ్డీ, డోయల్ అనే ఈ అన్నదమ్ములు పాడేవాళ్లు, కార్యక్రమాలు కుదిర్చేవాళ్లు, పాటల హక్కులు చూసే ష్యూర్-ఫైర్ మ్యూజిక్ అనే పబ్లిషింగ్ సంస్థ నడిపేవాళ్లు. డెక్కా రికార్డ్స్‌లో ఆమెకు ఒప్పందం కుదిరిన తీరు నాష్‌విల్ వ్యాపారం ఎలా నడిచేదో చూపిస్తుంది. డెక్కా నిర్మాత ఓవెన్ బ్రాడ్లీకి మొదట లొరెట్టా మీద ఆసక్తి లేదు. ఆమె నమూనాగా పాడిచ్చిన ఒక పాట మాత్రం మరో గాయని బ్రెండా లీ కోసం కావాల్సి వచ్చింది. ఆ పాట హక్కు విల్బర్న్‌ల దగ్గర ఉంది. పాట కావాలంటే గాయనిని కూడా తీసుకోవాలని వాళ్లు పట్టుబట్టారు. బేరం కుదిరింది. పాట హక్కు చేతిలో ఉన్నవాడికి ఎంత బలం ఉంటుందో ఆమె జీవితంలో తొలిసారి కనిపించింది అక్కడే. అప్పుడు ఆ బలం ఆమె పక్షాన పనిచేసింది. ఆ హక్కుల కాగితాల మీద తానూ సంతకాలు పెట్టింది.

ప్యాట్సీ క్లైన్‌తో స్నేహం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. 1961 జూన్‌లో ప్యాట్సీ కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడి ఆసుపత్రిలో ఉంది. గాయకుడు ఎర్నెస్ట్ టబ్ రికార్డుల దుకాణం నుంచి శనివారం అర్ధరాత్రి ప్రసారమయ్యే కార్యక్రమంలో లొరెట్టా ఆమె పాటనే పాడి, ఆమెకే అంకితమిచ్చింది. ఆసుపత్రి మంచం మీద రేడియో వింటున్న ప్యాట్సీ, ఆ పిల్లను వెంటనే తీసుకురమ్మని భర్తను పంపింది. అక్కడి నుంచి రెండేళ్లలోపు స్నేహం. వేదిక మీద ఎలా నిలబడాలి, ఏం కట్టుకోవాలి, కారు ఎలా నడపాలి, చివరికి మొగుడితో ఎలా మాట్లాడాలి అన్నదాకా ప్యాట్సీ నేర్పింది. తన బట్టలే ఇచ్చింది. 1963 మార్చి 5న విమాన ప్రమాదంలో ప్యాట్సీ చనిపోయింది. మరుసటేడు పుట్టిన కవల ఆడపిల్లల్లో ఒకరికి లొరెట్టా ఆ పేరే పెట్టుకుంది.

ఇక పాటల దగ్గరికి వస్తే, 1966 నుంచి 1972 దాకా నడిచిన ఆరేడేళ్లు ఆమె రచనలో బలమైన కాలం. ఒక రాత్రి ప్రదర్శనకు ముందు ఒక యువతి వేదిక వెనక్కి వచ్చి ఏడ్చింది. భర్త తనతో పాటు ఇంకొకామెను కూడా తెచ్చాడని, ఆమె ముందు వరుసలో కూర్చుని ఉందని చెప్పింది. లొరెట్టా తెర పక్కనుంచి ఆ రెండో మనిషిని ఒకసారి చూసొచ్చి, ఆమె నీ ముందు ఏపాటి అని ధైర్యం చెప్పి, అక్కడికక్కడే 'యూ ఎయింట్ ఉమన్ ఎనఫ్' రాసేసింది. పాటలో ఏడుపు లేదు. భార్య నేరుగా ఆ రెండో ఆడమనిషికి ఎదురు నిలబడి, నా మొగుణ్ని తీసుకుపోయేంత దానివి కావు నువ్వు అంటుంది. 1966లో అది రెండో స్థానం దాకా వెళ్లింది. ఆ వెంటనే చెల్లెలు పెగ్గీ స్యూతో కలిసి రాసిన 'డోంట్ కమ్ హోమ్ ఎ-డ్రింకిన్' ఆమెకు తొలి మొదటి స్థానం తెచ్చింది. పూటుగా తాగొచ్చి ప్రేమ కావాలంటే కుదరదని మొగుడి మొహం మీదే తలుపేసే పాట అది. 'ఫిస్ట్ సిటీ'లో అయితే, మా ఆయన జోలికొస్తే జుట్టు పట్టుకుని ఈడుస్తానని బెదిరింపే. ఆమె ఊళ్లు తిరిగి పాడుతుండగా టెనెసీలో డూలిటిల్ వెంట పడిన ఒకామెను ఉద్దేశించి రాసింది అది.

ఈ పాటల నిర్మాణం గమనించదగ్గది. వాటిలో చాలావరకు 'నువ్వు' అని ఎవరినో ఒకరిని ఉద్దేశించి మొదలవుతాయి. తన బాధ తాను చెప్పుకోవడం తక్కువ, ఎదుటివాళ్లను నిలదీయడం ఎక్కువ. కుళాయి దగ్గర బిందె పక్కన పెట్టి నడుం మీద చెయ్యేసి మాట్లాడే మనిషి తీరు అది. సిద్ధాంతం ఉండదు, ఉపన్యాసం ఉండదు. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారన్నది ఉంటుంది. అందుకే వాటిని స్త్రీవాద గీతాలుగా పొగిడినవాళ్లకు ఆమె పూర్తిగా చిక్కలేదు. ఆ ముద్ర ఆమె కోరుకోనూ లేదు. 'ఫిస్ట్ సిటీ'లో కోపమంతా రెండో ఆడమనిషి మీదికే పోతుంది, మొగుడు మందలింపుతో బయటపడతాడు. ఇది ఆ పాటల పరిమితే. ఐతే ఆ పరిమితితో సహా అవి నిజాలు. ఇల్లు గడవాల్సిన, నలుగురు పిల్లలున్న ఆడమనిషి ఎవరి మీద చెయ్యెత్తగలదో, ఎవరి మీద ఎత్తలేదో ఆ పాటలకు తెలుసు.

రచనగా అన్నింటికంటే గట్టిది 'కోల్ మైనర్స్ డాటర్'. 1969 అక్టోబర్‌లో రికార్డు చేసి ఏడాది పాటు పక్కన పెట్టారు. ఒక కుటుంబం గోడు ఎవరు వింటారన్న అనుమానం అప్పట్లో ఆమెకే ఉండేది. మొదట రాసింది ఇంకా పొడుగు. ఓవెన్ బ్రాడ్లీ కొన్ని చరణాలు తీయించేశాడు. మిగిలినదాంట్లో కూడా ఎన్ని వస్తువులున్నాయో చూడాలి. తల్లి రాత్రిపూట కిరోసిన్ దీపం ముందు బైబిల్ చదువుతుంది. పగలు ఉతుకుడు పలక మీద రుద్ది రుద్ది ఆమె వేళ్ల నుంచి రక్తం కారుతుంది. ఎండాకాలం పిల్లలకు చెప్పులుండవు. చలికాలానికి ముందు తండ్రి ఎలాగోలా ఒక పందిని అమ్మి, ఆ డబ్బుతో తపాలా కేటలాగ్ నుంచి కొత్త జోళ్లు తెప్పిస్తాడు. పేదరికం అన్న మాటను పట్టుకుని వేలాడకుండా పంది, జోళ్లు, దీపం, పలక చూపించి ఊరుకుంటుంది. జాలి అడగదు. తిరిగి వెళ్తే ఆ ఇంట్లో నేల తప్ప ఏమీ మిగల్లేదంటుందే గానీ, దాని మీద వ్యాఖ్య చేయదు. కొండప్రాంతపు యాసను బ్రాడ్లీ సరిదిద్దలేదు, వయొలిన్ల మేళంతో ముంచెత్తనూ లేదు. ప్యాట్సీ క్లైన్ పాటలకు అంత నునుపైన వాద్యమేళం కట్టిన నిర్మాత లొరెట్టా దగ్గర చెయ్యి వెనక్కి తీసుకోవడం బాగా పసిగట్టి చేసిన పని. 1970 డిసెంబర్‌లో పాట మొదటి స్థానానికి చేరింది. 2009లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ రికార్డింగుల జాబితాలో చోటు దక్కింది.

1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆమెకు 'ఎంటర్‌టైనర్ ఆఫ్ ద ఇయర్' అవార్డు ఇచ్చింది. ఒక స్త్రీకి అది దక్కడం అదే మొదలు. గాయకుడు కాన్వే ట్విట్టీతో కలిసి పాడిన యుగళగీతాలు 1971 నుంచి 1975 వరకు వరసగా ఐదు మొదటి స్థానానికి వెళ్లాయి. వాటిలో మొదటిదానికి గ్రామీ వచ్చింది.

ఆ రోజుల్లోనే 'ద పిల్' రికార్డయింది. గర్భనిరోధక మాత్ర మీద పాట. దాన్ని లొరెట్టా రాయలేదు. రాసింది లోరీన్ ఆలెన్, డాన్ మెక్‌హాన్, టి.డి. బేలిస్. పాడింది మాత్రం ఆరుగురు పిల్లల తల్లి, అందులో నలుగురిని ఇరవై ఏళ్లకే కన్నది. ఏటేటా కాన్పులతో ఇంట్లో మగ్గిన భార్య, తనను పొదిగే కోడితో పోల్చుకుని, ఇక ఈ పొదుగుడు చాలు, నా దగ్గర మాత్రలున్నాయి అని మొగుడికి చెప్పేస్తుంది. బాణీ హుషారైనది, మాటలో నవ్వుంది. ఆ నవ్వే చాలామందికి గుచ్చుకుంది. 1972 చివర్లో రికార్డు చేసిన పాటను సంస్థ 1975 దాకా బయటపెట్టలేదు. అమెరికాలో ఆ మాత్రకు 1960లోనే అనుమతి వచ్చింది. పెళ్లికానివాళ్లు కూడా గర్భనిరోధకాలు వాడుకోవచ్చని సుప్రీంకోర్టు 1972లో తీర్పిచ్చింది. చట్టం ఒప్పుకున్నాక కూడా పాట ఒప్పుకోవడానికి రేడియోకి మనసు రాలేదు. చాలా కంట్రీ స్టేషన్లు వేయడం మానేశాయి, కెంటకీలో ఒక పాస్టర్ ప్రార్థనలో తిట్టిపోశాడు. ఐనా కంట్రీ పట్టికలో ఐదో స్థానానికి, అన్ని రకాల పాటలూ ఉండే హాట్ 100లో 70వ స్థానానికి వెళ్లింది. ఒంటరి పాటల్లో హాట్ 100లో ఆమెకు దక్కిన పెద్ద స్థానం అదే. పల్లెల్లో ప్రభుత్వ కరపత్రాలు చేయలేని పని ఈ పాట చేసిందని తనతో డాక్టర్లు అన్నారని ఆమె ఇంటర్వ్యూల్లో చెప్పుకుంది. ఆ కరపత్రాలు చదవనివాళ్లు ఆమె పాట వినేవాళ్లు కాబట్టి ఆ మాట నమ్మశక్యమైనదే. 'రేటెడ్ ఎక్స్' మీదా గొడవ జరిగింది. విడాకులు తీసుకున్న ఆడదాన్ని ఊరంతా ఎలా చూస్తుందో చెప్పే ఆ పాటను, పెద్దలకు మాత్రమే అన్న సినిమా ముద్రను తలపించే పేరు చూసే కొన్ని స్టేషన్లు పక్కన పెట్టాయి. ఆ పాట ఆమె రాసిందే. తను రాసినవాటిలో మొదటి స్థానం చేరిన చివరి పాట కూడా అదే.

ఇక్కడికొచ్చేసరికి మొదటి ప్రశ్నకు జవాబు దగ్గరపడుతుంది. పాట వ్యాపారంలో రాబడి రెండు దారుల్లో వస్తుంది. పాడినందుకు, రికార్డు అమ్మకాల మీద వచ్చేది ఒకటి. రాసినందుకు వచ్చేది రెండోది. ఎవరు పాడుకున్నా, ఏ రేడియో వేసినా, ఏ సినిమాలో వాడినా రచన మీద హక్కు రుసుము కట్టాలి. ఆ రుసుము రచయితకు, పబ్లిషింగ్ సంస్థకు సాధారణంగా చెరిసగం. హక్కుపత్రం ఉండేది సంస్థ పేర. అంటే ఆ పాటను ఎవరికివ్వాలి, ఎంతకివ్వాలి అన్న నిర్ణయం కూడా సంస్థదే. లొరెట్టా పాటల హక్కులు విల్బర్న్‌ల సంస్థకు చెందుతాయని ఒప్పందంలో ఉంది. 1970ల తొలి ఏళ్లలో ఆమె వాళ్లతో తెగదెంపులు చేసుకుంది. వ్యవహారం కోర్టుకెక్కింది. మనిషిగా విడిపోగలిగింది గానీ పాటలు విడిపోలేదు. ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా వాటి కోసం ఆమె పోరాడుతూనే ఉంది, చివరికి దక్కలేదు. తాను రాయడం మానేయడానికి ఈ ఒప్పందాలే కారణమని ఆమె చెప్పింది. కొత్తగా ఏం రాసినా దాని మీద హక్కు తను వదిలి వచ్చినవాళ్లకే పోతుంటే కలం ఎవరికి కదులుతుంది?

విల్బర్న్‌లు దుర్మార్గులని చెప్పేస్తే కథ సులువవుతుంది గానీ సరికాదు. నాష్‌విల్‌లో తలుపు తెరిపించింది వాళ్లు, తమ టీవీ కార్యక్రమంలో ఏళ్ల తరబడి చూపించింది వాళ్లు. ఆమె రాసుకొచ్చినవాటికి చెక్కుడు పని చేయడంలో టెడ్డీ సాయం ఉంది. అప్పటి నాష్‌విల్‌లో అలాంటి ఒప్పందాలు మామూలు. తప్పంతా ఆ మామూలులోనే ఉంది. చదువు ఎక్కువ లేని, పాతికేళ్లు దాటి ఊరుకాని ఊరొచ్చిన మనిషి చేత రాబోయే పాటల మీద కూడా సంతకం పెట్టించుకోవచ్చన్నది ఒక్క మనిషి చెడ్డతనం కాదు, ఆ వ్యాపారం అలవాటు. దాని ధర డబ్బు లెక్కలో తేల్చేది కాదు. నలభై నుంచి డెబ్బై మధ్య ఆమె ఏం రాసి ఉండేదో, ఆ పాటలు లేవు. కొడుకు జాక్ బెన్నీ 1984లో టెనెసీలో హరికేన్ మిల్స్‌లోని తమ ఎస్టేట్ దగ్గర డక్ నదిలో మునిగి చనిపోయాడు. 1996లో, దాదాపు యాభై ఏళ్ల కాపురం తర్వాత, డూలిటిల్ పోయాడు. పాటకెక్కాల్సిన జీవితం ఆ ముప్ఫై ఏళ్లలో ఎంతో గడిచిపోయింది. ఊళ్ల వెంట తిరుగుడు, అలసట, తలనొప్పులు కూడా ఆమెను రాయనివ్వలేదన్నది నిజమే. ఐనా 1966లో కూడా తిరుగుడు, అలసట ఉన్నాయి. వేదిక వెనక గదిలో కూర్చునే రాసింది.

పాటలు తగ్గిన రోజుల్లో కథ పెరిగింది. 1976లో జార్జ్ వెస్సీ సాయంతో ఆత్మకథ వచ్చింది. 1980లో సినిమా వచ్చింది. తన పాత్రకు సిస్సీ స్పేసెక్‌ను ఫొటో చూసి లొరెట్టాయే ఎంచుకుంది. పాటలన్నీ సొంత గొంతుతో పాడిన స్పేసెక్‌కు ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది. ఆ పుస్తకంలో, సినిమాలో పెళ్లినాటికి లొరెట్టా వయసు పదమూడేళ్లు. 2012లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ జాన్సన్ కౌంటీ రికార్డులు తీసి చూస్తే పదిహేనేళ్లని తేలింది. దాచిన ఆ రెండేళ్లు పెద్ద పాపమేమీ కాదు. అందరికీ నచ్చిన ఒక కథ స్థిరపడ్డాక దాన్ని మోయడమే పనైపోతుందని మాత్రం ఆ సంగతి చూపిస్తుంది. హరికేన్ మిల్స్‌కు వెళ్లే సందర్శకులకు బుచర్ హాలో ఇంటి నమూనా కనిపిస్తుంది, గని నమూనా కనిపిస్తుంది. అభిమానులు కోరుకున్నది ఆ బాల్యమే. నడివయసు లొరెట్టా ఏమనుకుంటోందో అడిగినవాళ్లు తక్కువ. ఆమె రాజకీయాలు కూడా అభిమానుల్లో కొందరికి కొరుకుడు పడలేదు. 'ద పిల్' పాడిన మనిషి 1988లో జార్జ్ బుష్‌కు, 2016లో డొనాల్డ్ ట్రంప్‌కు మద్దతిచ్చింది. ఇందులో వైరుధ్యం వెతికినవాళ్లు ఆమె ఏ వర్గం నుంచి, ఏ ప్రాంతం నుంచి వచ్చిందో మరిచిపోయినవాళ్లే. ఆ పాటలు ఏ పార్టీ కోసమూ రాసినవి కావు.

2001లో డెట్రాయిట్ రాక్ జంట ద వైట్ స్ట్రైప్స్ తమ ఆల్బమ్‌ను ఆమెకు అంకితమిచ్చారు. కృతజ్ఞతగా ఆమె వాళ్లను ఇంటికి పిలిచి చికెన్ డంప్లింగ్స్ వండి పెట్టింది. ఆ పరిచయంతోనే ఆ జంటలోని జాక్ వైట్ నిర్మాతగా 2004లో 'వాన్ లియర్ రోజ్' వచ్చింది. ఆల్బమ్‌లోని ప్రతి పాటా ఆమె రాసింది, లేదా రాయడంలో చెయ్యేసింది. నలభై ఏళ్లు దాటిన రికార్డింగ్ జీవితంలో అలా జరగడం అదే తొలిసారి. ఈస్ట్ నాష్‌విల్‌లో ఒక ఇంట్లో, పెద్ద స్టూడియో హంగులేవీ లేకుండా రికార్డు చేశారు. గొంతు దగ్గరగా, గరుకుగా వినిపిస్తుంది. 'ఫ్యామిలీ ట్రీ' పాటలో భార్య పిల్లల్నీ, వాళ్ల నాన్న కుక్కనీ, కట్టాల్సిన బిల్లుల్నీ వెంటేసుకుని నేరుగా రెండో ఆమె గుమ్మం ముందుకెళ్లి నిలబడుతుంది. 'ఫిస్ట్ సిటీ' వచ్చి 36 ఏళ్లయింది. నిలదీయడం అదే, ఎదుటి మనిషీ అదే. కొత్తగా వచ్చింది బిల్లులు. ఈసారి ఆమె జుట్టు పట్టుకోలేదు, సంసారం మొత్తం తెచ్చి ముందు పడేసింది. విధవగా రాసిన 'మిస్ బీయింగ్ మిసెస్', మొగుణ్ని చంపి మరణశిక్ష కోసం ఎదురుచూసే ఆడమనిషి గొంతుతో రాసిన 'విమెన్స్ ప్రిజన్' కూడా అందులో ఉన్నాయి. ఆల్బమ్‌కు, జాక్ వైట్‌తో కలిసి పాడిన 'పోర్ట్‌లండ్, ఆరిగన్'కు రెండు గ్రామీలు వచ్చాయి.

2013లో ఒబామా చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకుంది. 2017 మేలో పక్షవాతం రావడంతో ఊరూరా తిరిగి పాడడం ఆగిపోయింది. 2022 అక్టోబర్ 4న హరికేన్ మిల్స్‌లో, 90 ఏళ్ల వయసులో చనిపోయింది. అంతకు ముందు ఏడాది వచ్చిన చివరి ఆల్బమ్ 'స్టిల్ ఉమన్ ఎనఫ్'. అదే పేరున్న పాటను గాయనులు రెబా మెకెంటైర్, క్యారీ అండర్‌వుడ్ ఆమెతో గొంతు కలిపి పాడారు. రాసింది లొరెట్టా, ఆమె కూతురు ప్యాట్సీ.